తివాచీ కింద గచ్చు

తివాచీ కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు దాని మీద చెయ్యి వేసి నిమురుతారు. మెత్తగా ఉంటే మనసు సగం ఒప్పుకుంటుంది, రంగు గోడలకు నప్పితే మిగతా సగమూ ఒప్పుకుంటుంది. అది వెళ్ళి పరుచుకోబోయే నేల ఎలాంటిదన్న ప్రస్తావన చాలాసార్లు రానే రాదు. ఏడాది తిరిగి ఒక ముసురు పట్టాక గదిలో తడిసిన గోనెసంచి వాసన మొదలవుతుంది. అంచు ఎత్తి చూస్తే కింద నల్లటి మచ్చలు. పాడు సరుకు అంటగట్టారని దుకాణాన్ని తిట్టుకుంటారు. నిజానికి ఆ తివాచీ వేరే ఇంట్లో ఇరవయ్యేళ్ళు బతికేదే. ఆ గచ్చుకూ ఈ తివాచీకీ జాతకాలు చూడకుండా పెళ్ళి చేయడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

అందుకే కాంక్రీటు నేల మీద ఏ తివాచీ వేయాలన్న ప్రశ్నకు జవాబు గచ్చు దగ్గర మొదలుకావాలి.

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉంటుంది గానీ దాని లోపలంతా కంటికి కనపడని సన్నని దారులు. సిమెంటు గట్టిపడడానికి రసాయనికంగా కావలసిన నీరు సిమెంటు బరువులో దాదాపు నాలుగో వంతు. మాలు జారుగా ఉండి పని సులువు కావాలని తాపీమేస్త్రీలు సగం దాకా పోస్తారు. ఆ మిగులు నీరు నెలల తరబడి ఆవిరవుతూ పోతుంది. అది నిండి ఉన్న చోట్లే రంధ్రాలుగా మిగులుతాయి. ఫ్లోరింగ్ పనివాళ్ళ మోటు లెక్క ఒకటుంది: అంగుళం మందానికి ఒక నెల. నాలుగంగుళాల బెడ్ కాంక్రీటయితే నాలుగు నెలలు. అది కూడా పైకప్పు పడి, తలుపులూ కిటికీలూ అమరి, వాన లోపలికి రాని రోజు నుంచి లెక్క. క్యూరింగ్ కోసం నీళ్ళు నిలబెట్టిన రోజులు ఇందులోకి రావు. గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తుంటే ఈ నాలుగు నెలలూ ఎవరికీ గుర్తుండవు.

ఇది పుట్టుకతో వచ్చిన నీరు. రెండోది భూమిలోంచి వచ్చే నీరు. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టు, నేలకు ఆనుకుని ఉన్న కాంక్రీటు కింది చెమ్మను పైకి లాగుతూనే ఉంటుంది, ఇల్లు కట్టి యాభై ఏళ్ళయినా సరే. దీన్ని ఆపడానికి స్లాబు కింద పాలిథీన్ పొర పరుస్తారు. అమెరికాలో ఇళ్ళ నిర్మాణానికి నమూనాగా తీసుకునే నియమావళి ఈ పొర మందాన్ని 2021 కూర్పులో 6 మిల్ నుంచి 10 మిల్‌కు, అంటే పావు మిల్లీమీటరుకు పెంచింది. మన పాత ఇళ్ళలో పునాదుల మధ్య మట్టీ ఇసుకా నింపి, దిమ్మిసతో కొట్టి, పైన కంకర కాంక్రీటు పోసి గచ్చు చేసేవారు. పొర అన్న మాటే లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో భూగర్భజలం పైపైనే ఉండే ఊళ్ళలో వర్షాకాలం నాపరాళ్ళ సందులు తడితేరడం, గోడ అడుగున సున్నం పొక్కడం ఈ నీటి పనే.

మూడో నీరు గాలిలోంచి వస్తుంది. బయటి గాలి ఉక్కగా, గచ్చు చల్లగా ఉన్నప్పుడు చల్లని మంచినీళ్ళ చెంబు చెమర్చినట్టు నేల చెమరుస్తుంది. అమెరికాలో ఇంటి అడుగున భూమిలోకి దిగి ఉండే బేస్‌మెంట్లకు వేసవిలో ఇదే బాధ. తివాచీ వేస్తే పోతుందనుకోవడం తప్పు. తివాచీ గది వేడిని కిందికి పోనివ్వదు గనక గచ్చు ఇంకా చల్లబడుతుంది, గాలిలో ఆవిరి మాత్రం నూలు సందుల్లోంచి కిందికి చేరుతూనే ఉంటుంది.

అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు స్లాబుకు రెండో నీటి బెడద లేదు. అక్కడ భయపడాల్సింది పక్కనున్న బాత్‌రూమ్ లీకుకూ ఏసీ గొట్టానికీ. కాబట్టి ఒకే తివాచీ పై అంతస్తులో హాయిగా ఉండి, అదే భవనంలో కింది వాటాలో కుళ్ళిపోవడం వింతేమీ కాదు.

చెమ్మను పట్టుకోవడానికి ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటుంది. 18 అంగుళాల పొడవు, అంతే వెడల్పు ఉన్న పాలిథీన్ ముక్కను శుభ్రంగా తుడిచిన గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించాలి. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం దీనికి కనీసం 16 గంటలు పెట్టింది. పాలిథీన్ లోపలివైపు నీటి బొట్లు తేలినా, దాని కింద గచ్చు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. ఏమీ కనపడకపోతే మాత్రం గండం గడిచిందనుకోకూడదు, లోతులో ఉన్న నీరు పైకి రావడానికి ఇంకా సమయం పట్టవచ్చు. రెండు మూడు రోజులు ఉంచితే మేలు. ఎండలు మండే మే నెలలో కాక శ్రావణ, భాద్రపదాల్లో, ఒక్కచోట కాక గది మధ్యలోనూ గోడ వారనూ చేస్తే మరీ మేలు.

వృత్తిలో ఉన్నవాళ్ళ పరీక్షలు ఇంతకన్నా గట్టివి. ఒకదానిలో కాల్షియం క్లోరైడు ఉన్న చిన్న పళ్ళేన్ని గచ్చు మీద మూతలో బంధించి, 60 నుంచి 72 గంటల తర్వాత అదెంత నీరు పీల్చిందో తూస్తారు. వెయ్యి చదరపు అడుగులకు రోజుకు 3 పౌండ్లు, అంటే సుమారు 1.4 కిలోలు దాటితే వద్దని చాలామంది తయారీదార్లు చాలాకాలంగా చెబుతున్నారు. ఇంకొకదానిలో స్లాబు మందంలో నలభై శాతం లోతుకు బెజ్జం వేసి, లోపలి గాలి తేమను కొలుస్తారు. 75 శాతం అన్నది తరచుగా కనిపించే హద్దు. పైన ఎండి అడుగున తడిగా ఉన్న స్లాబు గుట్టు దీంతోనే బయటపడుతుంది.

ఖర్చు లేని సాక్ష్యమూ ఒకటుంది. ఇంట్లో ఇప్పటికే పాత తివాచీ ఉంటే గోడ మూలన దాని అంచు లేపి చూడాలి. తివాచీని లాగి పట్టుకునే సన్నని చెక్కపట్టీకి వరసగా మొలలు ఉంటాయి. అవి తళతళలాడుతుంటే నేల పొడిగా గడిపినట్టు. తుప్పు పట్టి, చెక్క నల్లబడి ఉంటే అది ఎన్నో వర్షాకాలాల రికార్డు. గచ్చు మీద తెల్లటి ఉప్పు పొడి తేలినా అంతే: లోపలి లవణాలను మోసుకొచ్చిన నీరు పైన ఆవిరై, వాటిని అక్కడ వదిలిపోయింది. ఈ రాతలు చదవకుండా పాతది పీకి కొత్తది వేయించుకోవడం డబ్బు నీళ్ళలో పోయడమే.

చెమ్మ ఉందని తేలితే ఏం చేయాలి? గచ్చుకు ఏదో పూత పూయించాలని చాలామందికి వెంటనే తోస్తుంది. రెండు పొరల ఎపాక్సీ పూత నిజంగానే పనిచేస్తుంది, గచ్చును బాగా గరుకు చేసి, దుమ్ము లేకుండా పూస్తే. కానీ మొదటి పని ఇంటి బయట ఉంది. వాన గొట్టం నీళ్ళు పునాది పక్కనే పడుతున్నాయా, వాకిలి నేల ఇంటి వైపు వాలి ఉందా చూడాలి. మొదటి పదడుగుల్లో కనీసం ఆరంగుళాల వాలు ఇంటికి దూరంగా ఉండాలని అమెరికా నియమావళి చెబుతుంది. సూత్రం ఏ ఊరికైనా ఒకటే. తీరని చెమ్మ ఉన్న కాంక్రీటు నేల మీద కదలని తివాచీ వేయనే వద్దని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా. ఆ మాట వినదగ్గది. అలాంటి గదికి టైల్స్ వేసి, పైన తీసి ఆరేసుకోగల చిన్న తివాచీ వేసుకోవడం ఓటమేమీ కాదు.

గచ్చు పొడిగా ఉందని నమ్మకం కుదిరాక నూలు సంగతి. నిమిరితే ఉన్నిని మించింది లేదు. ఒత్తితే మళ్ళీ లేస్తుంది, నిప్పురవ్వ పడితే కరగకుండా మాడుతుంది, ఏళ్ళు గడిచినా ముఖం వాడదు. కానీ ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. పై అంతస్తులో ఇది గుణం, నేలకు ఆనిన గదిలో ఇదే ప్రమాదం: లోపల నాని ఉన్న సంగతి పైకి తెలియదు. పైగా ఉన్నిని తినే పురుగు చీకట్లో, కదలిక లేని చోట, సోఫాల కింద పని చేసుకుపోతుంది. జనపనార, సైసల్, పత్తి కూడా నీటి విషయంలో ఉన్ని దారిలోనే నడుస్తాయి. ఉన్నిలా ఒత్తితే మళ్ళీ లేచే గుణం వాటికి లేదు, మరక పడితే పోదు.

కృత్రిమ నూళ్ళలో నైలాన్‌దే పెద్దపీట. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన ఈ పోగు, నడకకు నలిగినా ఆవిరి పడితే తిరిగి లేస్తుంది. నడవా, హాలు లాంటి చోట్లకు ఖర్చు ఎక్కువైనా ఇదే తగినది. పాలిస్టర్ మెత్తన, మరక తొందరగా పట్టదు, నీళ్ళ సీసాలను కరిగించి తీసిన నూలు కూడా ఇందులోకి వస్తుంది. నలిగితే మాత్రం నలిగినట్టే ఉండిపోతుంది. పడకగదికి చాలు. పాలీప్రొపిలీన్ దాదాపు నీరే పీల్చదు, చవక, ఎండకు తట్టుకునేలా రంగు పోగులోనే కలిపి తీస్తారు. కాంక్రీటు నేలలకు అందరూ సిఫారసు చేసేది దీన్నే. కాకపోతే నూనె మరకను వదలదు, బరువైన మంచాన్ని దాని మీద ఈడిస్తే రాపిడి వేడికే చార కరిగి మెరుస్తుంది.

ఇక్కడ ఒక సగం నిజాన్ని విప్పి చెప్పాలి. ఈ నూలుకు బూజు పట్టదని అమ్మేవాళ్ళు అంటారు. పోగును బూజు తినదన్నది నిజమే. పోగుల మధ్య చేరే దుమ్ము, మనుషుల చర్మపు పొట్టు, కింద పడిన మెతుకులు బూజుకు చాలినంత విందు. తడి ఉంటే అది ప్లాస్టిక్ తివాచీలోనూ పెరుగుతుంది. నీళ్ళు పడితే 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టాలన్న నియమం నూలు జాతి చూడదు.

నూలుకన్నా ముఖ్యమైనది వెనకవైపు. అది అర్థం కావాలంటే ఒక దుప్పటి కథ తెలియాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, డాల్టన్ ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో క్యాథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి దుప్పటి మీద నూలు కుచ్చులు కుట్టి, పోగుల కొనలు కత్తిరించి ఒక పాత పనితనాన్ని మళ్ళీ పుట్టించింది. 1900లో మొదటి దుప్పటిని రెండున్నర డాలర్లకు అమ్మింది. ఊరూరా ఆడవాళ్ళు ఆ పని నేర్చుకున్నారు, తర్వాత యంత్రాలు వచ్చాయి, దుప్పట్ల యంత్రమే వెడల్పై తివాచీల యంత్రమైంది. డాల్టన్ ఇవాళ ప్రపంచ తివాచీ రాజధాని అనిపించుకుంటోంది. టఫ్టింగ్ అనే ఈ పద్ధతిలో పోగును ముడి వేయరు, నేయరు. సూదితో ఒక గుడ్డలోకి గుచ్చి, వెనక లేటెక్స్ జిగురు పూసి, దాని మీద మరో గుడ్డ అంటిస్తారు. అంటే ఇప్పుడు ఇళ్ళలో కనిపించే తివాచీల్లో ఎక్కువ భాగాన్ని పట్టి ఉంచుతున్నది జిగురు. కొత్త కాంక్రీటు క్షారగుణం పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది. చెమ్మతో పాటు ఆ క్షారం పైకి వచ్చి తివాచీని నేలకు అంటించిన జిగురును మెల్లగా తినేస్తుంది, నానిన లేటెక్స్ కూడా పట్టు సడలిస్తుంది. వెనక గుడ్డ జనపనారదైతే అదీ కుళ్ళుతుంది. నమూనా ముక్కను తిప్పి చూసి, వెనక పాలీప్రొపిలీన్ అల్లిక ఉన్నదే ఎంచుకోవాలి. అదే ముక్కను కుచ్చులు బయటివైపుకు ఉండేలా విల్లులా వంచి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది: కుచ్చుల మధ్య వెనక గుడ్డ బోసిగా కనిపిస్తే అల్లిక పలచన, నాలుగేళ్ళకే బాట పడుతుంది.

పోగు ఎత్తు గురించి మాట క్లుప్తం. అరంగుళం లోపు, ఒత్తుగా ఉన్నదే గచ్చుకు మంచిది. త్వరగా ఆరుతుంది, త్వరగా శుభ్రపడుతుంది. కొనలు కత్తిరించని లూప్ రకం మన్నుతుంది గానీ పిల్లి ఉన్న ఇంట్లో ఒక పోగు తెగితే వరస మొత్తం ఊడొస్తుంది.

మెత్తదనం కోసం తివాచీ కింద పరిచే ప్యాడ్ దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. మందంగా ఉంటే హాయి అనుకుంటారు. మందం కన్నా సాంద్రత ముఖ్యం. మరీ మెత్తని ప్యాడ్ మీద తివాచీ ప్రతి అడుగుకూ వంగి లేస్తూ వెనక జిగురు చిట్లుతుంది. అమెరికాలో ఇళ్ళకు ఘనపు అడుగుకు 6 నుంచి 8 పౌండ్ల సాంద్రత, అరంగుళానికి తక్కువ మందం ఉన్నది వాడతారు. నురగ ముక్కలు అతికించి చేసే రంగురంగుల రీబాండ్ ప్యాడ్ స్పాంజిలా నీరు తాగుతుంది. పొడి గదికి బాగుంటుంది, కింది గదికి రబ్బరు దిమ్మో, పైన ప్లాస్టిక్ పొర ఉన్నదో మేలు. అయితే ప్లాస్టిక్ పొర పైనుంచి ఒలికిన కాఫీని ఆపుతుందే గాని, కిందినుంచి వచ్చే నీటికి మందు కాదు. అది దాన్ని దాచిపెడుతుంది, అంతే.

పరిచే పద్ధతులు మూడున్నాయి. మొలల పట్టీలకు లాగి బిగించడం ఇంటికి తగినది. స్లాబు లోపల ఇనుప తీగలు బిగించి కట్టిన ఇళ్ళలో లోతుగా బెజ్జాలు వేయించకుండా పట్టీలకు పొట్టి మేకులతోనే పని కానివ్వాలి. డల్లాస్ చుట్టూ ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు కొనే ఇళ్ళు చాలావరకు ఈ తరహావే. అక్కడి బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది గనక స్లాబులను అలా కడతారు. గ్యారేజీ నేల మీద హెచ్చరిక ముద్ర తరచుగా ఉంటుంది. రెండోది నేరుగా జిగురుతో అంటించడం. మన్నిక ఎక్కువ, కానీ తీయాల్సి వస్తే గచ్చంతా గీకాల్సిందే. అమెరికాలో 1980కి ముందు కట్టిన ఇంట్లో పాత తివాచీ కింద తొమ్మిదంగుళాల పలకలు, నల్లటి జిగురు బయటపడితే అసలు గీకకూడదు. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించి, కదపకుండా పైన కప్పేయడమే క్షేమం.

మూడోది తివాచీ పలకలు. 50 సెంటీమీటర్ల చదరాలు, పక్కపక్కన పేర్చుకుపోవచ్చు. యూరప్‌లో చూసిన ఈ సరుకును అమెరికాలో తయారుచేయడానికి రే ఆండర్సన్ 1973లో ఇంటర్‌ఫేస్ కంపెనీ పెట్టాడు. అందరూ వీటిని ఆఫీసు సరుకనుకుంటారు. కాంక్రీటు నేల ఉన్న ఇంటికి ఇవి చేసే మేలు ఇంతా అంతా కాదు: పిల్లవాడు పాలు ఒలకబోస్తే ఒక పలక తీసి కడిగి ఆరేయవచ్చు, ఎప్పుడు అనుమానం వస్తే అప్పుడు నేలను చూడవచ్చు. న్యూజెర్సీలోనో షికాగోలోనో బేస్‌మెంటును పిల్లల ఆటగదిగా, పండగలకు పదిమంది కూర్చునే చోటుగా మార్చుకునేవాళ్ళు మొదట ఆలోచించాల్సింది వీటి గురించే. దాంతోపాటు గాలి తేమను 50 శాతం దగ్గర ఉంచే డీహ్యుమిడిఫయరు కావాలి. ఆ హద్దు దాటితే దుమ్ము పురుగులు పెరుగుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు తివాచీ శత్రువవుతుంది.

కొత్త తివాచీ వాసన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 1987, 88లలో వాషింగ్టన్‌లో పర్యావరణ పరిరక్షణ సంస్థ సొంత కార్యాలయంలోనే కొత్త తివాచీలు వేశాక ఉద్యోగులు కళ్ళమంటలు, తలనొప్పి అని ఫిర్యాదు చేశారు. వెనక లేటెక్స్‌లోని ఒక రసాయనం మీదికి చూపు మళ్ళింది. తర్వాతే తక్కువ ఆవిర్లు వదిలే తివాచీలకు పరిశ్రమ ముద్రలు వేయడం మొదలుపెట్టింది. పరిచిన రెండు మూడు రోజులు కిటికీలు తెరిచి ఉంచి, పసిపిల్లలను మరో గదిలో పడుకోబెట్టడం ఈ చరిత్ర నేర్పిన జాగ్రత్త.

ఇవన్నీ చలిదేశపు ఇళ్ళ చుట్టూ పెరిగిన లెక్కలు. తెలుగునేల మీద గోడ నుంచి గోడకు తివాచీ వేయించాలనుకునేవాళ్ళు ఇంకో మూడు సంగతులు చూడాలి. ఒకటి, ఇక్కడ రోజూ చీపురుతో ఊడ్చి తడిగుడ్డ పెడతారు. పక్క గది తడి తివాచీ అంచులోకి దిగుతుంది. రెండు, చెదలు. గచ్చు బీటల్లోంచి అవి పైకి వస్తే చెక్కపట్టీలు, జనపనార, పత్తి వాటికి సిద్ధంగా ఉన్న భోజనం. మూడోది ఎండాకాలం. గచ్చు పాదంలోని వేడిని త్వరగా లాక్కుంటుంది కాబట్టే చలిదేశాల్లో దాన్ని కప్పాలనుకుంటారు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఆ గుణమే కావాలని గచ్చు మీద చాప కూడా లేకుండా పడుకునే ఇళ్ళు మనవి. మూడు నెలల చలి కోసం ఏడాదంతా ఆ చల్లదనాన్ని మూసేయడం నష్టబేరం.

పెళ్ళి మండపాల్లో పరిచే పలచని ఎర్ర తివాచీని మీటర్ల లెక్కన కొని, రబ్బరు జిగురుతో గచ్చుకు అంటించుకునేవాళ్ళూ ఉన్నారు. సూదులతో పొడిచి ఒత్తిన పీచు అది, ఒకటి రెండు రోజుల సంబరానికి తయారైంది. అంటించాక పీకితే గచ్చు మీద జిగురు చారలు మిగులుతాయి.

మన గచ్చుకు తగిన పరిష్కారం ఎప్పటినుంచో ఇక్కడే ఉంది. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు చాలా ముందే, 1851 లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు చూసినవాళ్ళను అబ్బురపరిచాయి. నూలు జంపఖానాకు వెనక జిగురు లేదు, అంటించిన గుడ్డ లేదు. నేత తప్ప మరేదీ లేదు. పత్తి తడిని పీలుస్తుంది, నిజమే. ఒకేచోట నెలల తరబడి ఉంచితే దానికీ బూజు పడుతుంది. కానీ దాన్ని అలా ఉంచడం ఎవరికీ అలవాటు లేదు. చుట్టాలొస్తే పరుస్తారు, వెళ్ళాక దులిపి చుట్టి అటక మీద పెడతారు, ఎండ కాసిన రోజు పిట్టగోడ మీద ఆరేస్తారు. చెమ్మ నేలకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ప్రయోగశాలలు కూడా చెప్పలేదు. నిలబడ్డ కుచ్చుల మెత్తదనమే కావాలంటే ఏలూరు ఉన్ని తివాచీలున్నాయి. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళతో ముడిపడిన పనితనం అది. వాటినీ గది మధ్యన, చుట్టూ అడుగున్నర గచ్చు వదిలి పరచాలి, నెలకోసారి తిరగేయాలి.

ఏది వేసినా మొదటి ముసురులో ఒక పని ఉంటుంది. నాలుగు రోజులు వాన పట్టాక, బీరువా వెనకనో టీవీ బల్ల పక్కనో, బయటి గోడకు ఆనుకున్న మూలను ఎంచుకుని తివాచీ అంచు ఎత్తి, అరచెయ్యి గచ్చుకు ఆనించి కాసేపు ఉంచాలి. చల్లగా తగలడం మామూలే. చెయ్యి తీశాక అరచేతికి తడి అంటకూడదు.